ఆర్లీన్ ట్విచెల్ పిస్టల్‌కు జరిగిన లక్షణ పరీక్ష

భయపడటం జంతువుల స్వభావం. దేనికి భయపడాలో జాబితా రాసుకుని, జాబితాకు అనుబంధం చేర్చి, అనుబంధానికి సవరణ తెచ్చి, సవరణ మీద స్పష్టీకరణ వెలువడ్డాక గానీ భయపడకపోవడం నాగరికత. ఈ లెక్కన భూమ్మీద మా రాష్ట్రమంత నాగరికమైన చోటు ఇంకొకటి లేదని ఎవరైనా ఒప్పుకోవలసిందే. (ఒప్పుకోనివారి కోసం రాజధానిలో ఒక కౌంటర్ ఉంది. మధ్యాహ్నం దాకా తెరిచి ఉంటుంది. శుక్రవారాలు తప్ప.)

చాలాకాలం మా శాసనసభలో రెండు పక్షాలు తుపాకుల గురించి కొట్టుకున్నాయి. తుపాకులన్నీ ప్రమాదమేనని ఒక పక్షం, ఏ తుపాకీ ప్రమాదం కాదని రెండో పక్షం. జుట్టూజుట్టూ పట్టుకుని అలసిపోయాక వారికి ఒక మధ్యేమార్గం తోచింది. తుపాకీలో కొన్ని భాగాలు మాత్రమే ప్రమాదం. ఈ మాటకు ఇరుపక్షాలూ కడుపునిండా సంతోషించాయి, ఎందుకంటే తుపాకీ పట్టుకునే మనిషి ప్రస్తావన తేవలసిన అగత్యం ఎవరికీ రాలేదు. ఆ సంతోషంలోంచి పుట్టిందే రాష్ట్ర చేతితుపాకుల లక్షణ నిర్ధారణ మండలి.

మండలి పని అంతా ఒక జాతి పిస్టళ్లతోనే. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటా పేల్చి, తరువాతి తూటాను తనంతట తానే లోపలికి లాక్కునే రకం. వాటికి నాలుగు లక్షణాలు నిషిద్ధం. తూటాలు పెట్టే మ్యాగజైన్ పిడిలోపల కాకుండా మరెక్కడైనా ఉండటం మొదటిది. గొట్టం కొసన ఏదైనా తిప్పి బిగించడానికి మరలుండటం రెండోది. చేయి కాలకుండా గొట్టాన్ని పట్టుకోనిచ్చే తొడుగు మూడోది. రెండో చేత్తో పట్టుకోవడానికి ముందువైపు చోటుండటం నాలుగోది. వీటిలో ఏ ఒక్కటున్నా అది దాడి ఆయుధం. ఏదీ లేకపోతే గృహోపకరణం. తూటా ఎంత లావు, ఎంత లోతు దిగుతుంది అన్నవి లక్షణాల కిందికి రావు. అవి అభిరుచుల కిందికి వస్తాయి.

తన దగ్గరున్నది దాడి ఆయుధమని ఆర్లీన్ ట్విచెల్‌కు తెలిసిన పూట ఆమె వంటింట్లో మొక్కజొన్న రొట్టె కాలుస్తోంది. డెబ్బై దాటిన మనిషి. జునిపర్ ఫ్లాట్‌లో స్కూలు బస్సు నడిపి నడిపి రిటైరైంది. బుధవారం సాయంత్రాలు కౌంటీ గన్ క్లబ్బుకు వెళ్లి, తన ఈడువాళ్లే మరో ముగ్గురితో కలిసి, దూరంగా కాగితం మీదున్న నల్లచుక్కను కాలుస్తుంది. అదీ ఒంటిచేత్తో. ఎడమ చేయి ప్యాంటు జేబులో ఉంటుంది. ఆ ఆటకు అదే మర్యాద. రెండో చేయి సాయం పట్టడమంటే పేకాటలో పక్కవాడి ముక్కల్లోకి తొంగిచూసినంత సిగ్గుమాలిన పని.

ఆమె పిస్టల్ ఈ ఆట కోసమే పుట్టింది. చూడటానికి ఆయుధంలా కాక కుట్టుమిషనులోంచి ఊడివచ్చిన భాగంలా ఉంటుంది. గురి కదలకుండా బరువు ముందుకు రావాలని, దాన్ని తయారుచేసిన వాళ్లెవరో మ్యాగజైన్‌ను ట్రిగ్గర్‌కు ముందు పెట్టారు. గొట్టం చుట్టూ ఒక ఇనుప తొడుగు వేశారు, అదీ బరువు కోసమే. పేల్చేది అన్నిటికంటే చిన్న తూటా. (చిన్నదైనా తూటా తూటాయేనని, మనిషిని చంపుతుందని ఆర్లీనే అందరికీ చెబుతుంది.) ఇక పిడి సంగతి వేరు. కీళ్లవాతంతో ఆమె కుడిచేతి చివరి రెండు వేళ్లూ పూర్తిగా ముడుచుకోవు. మామూలు పిడి ఏదైనా జారిపోతుంది. అందుకని ఊళ్లో తుపాకులు బాగుచేసే డెల్బర్ట్ ఓక్స్ ఒక చలికాలమంతా కూర్చుని, ఆమె చేతిని బంకమట్టిలో అచ్చు తీసి, వాల్‌నట్ కర్రతో పిడి చెక్కి ఇచ్చాడు. ఆమె వంకర వేళ్లు ఎక్కడెక్కడ ఆగితే అక్కడక్కడ గుంట పెట్టాడు.

కనుక ఆ పిస్టల్ లేకపోతే ఆర్లీన్‌కు బుధవారం లేదు. ఆమె లేకపోతే నలుగురి జట్టు ముగ్గురైపోతుంది, ముగ్గుర్ని రాష్ట్ర పోటీల్లోకి రానివ్వరు. మిగతా ఆరు రోజులతో ఏం చేసుకోవాలో ఆమెకు ఏనాడూ సరిగ్గా తెలియలేదు. భర్త పోయినప్పుడు కూడా ఆమె ఒక్క బుధవారం మాత్రమే మానింది.

ఇంకొక సంగతి చెప్పాలి. మా కౌంటీలో తుపాకీ భద్రత పాఠం చెప్పింది ఆర్లీనే. ఆమె ముందు కూర్చోకుండా ఎవడూ జింకల వేటకు పోలేదు. పాఠం చిన్నది. ఏ తుపాకీలోనైనా గుండున్నట్టే అనుకో. గొట్టం మనిషి వైపు తిప్పకు. ఇంకొకరికి ఇచ్చేటప్పుడు తెరిచి, ఖాళీ అని చూపించి, గొట్టం గోడవైపు, పిడి వాళ్లవైపు పెట్టి ఇయ్యి. తప్పు చేసినవాణ్ని ఆమె తిట్టేది కాదు, బయట నిలబెట్టేది. పోయినేడాది మండలి ఈ తరగతిని రద్దుచేసి దాని స్థానంలో యాప్ పెట్టింది. యాప్‌లో 'నేను చదివి అర్థం చేసుకున్నాను' అనే మీట ఉంటుంది. అది పాఠం కంటే ముందు వస్తుంది.

లక్షణాల జాబితాకు కొత్త సవరణ రాగానే, నిషిద్ధ లక్షణాలున్న పిస్టళ్లవాళ్లు తమంతట తామే వచ్చి చెప్పుకోవాలని మండలి ప్రకటించింది. ప్రకటన వెలువడిన నెలలోనే మా కౌంటీలో ఘోరమైన పడవ ప్రమాదాలు జరిగాయి. ఒక్క మనిషికి గాయం కాలేదు గానీ పడవల్లో ఉన్న తుపాకులన్నీ మునిగిపోయాయి. జునిపర్ సరస్సు ఎండిపోయి గొడ్లు మేస్తున్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. "నీదీ మునిగిందని రాసి పడెయ్, నీ కోసం నేను నా పడవ ఇస్తా" అని డెల్బర్ట్ ఆర్లీన్‌కు నచ్చజెప్పాడు.

"నీకు పడవెక్కడిది?"

"అదీ మునిగింది."

ఆర్లీన్ నవ్వింది గానీ ఒప్పుకోలేదు. బస్సులో ఎక్కిన పిల్లలకు అబద్ధం చెప్పొద్దని ఇన్నేళ్లు చెప్పి, ఇప్పుడు ఎండిన సరస్సులో తుపాకీ ముంచలేనంది. ఉన్నదున్నట్టు చెప్పుకుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మన పెద్దలు ఊరికే అన్నారా. కౌంటీ మొత్తంలో నిజం చెప్పినది ఆమె ఒక్కతే కావడంతో, మండలి తన శక్తినంతా ఆమె మీదే పెట్టగలిగింది.

మండలి ప్రాంతీయ కార్యాలయం టైర్ల షాపుకూ డోనట్ల కొట్టుకూ మధ్య ఉంటుంది. అక్కడికి సేజ్‌పొదల మధ్య నుంచి పొద్దున బయలుదేరితే భోజనాల వేళకు చేరతారు. లోపలికి తుపాకులు తేకూడదన్న నియమం ఒకప్పుడు ఉండేది. దానివల్ల పరీక్షించడానికి తుపాకులు రావడం లేదని గమనించి ఎత్తేశారు. చాకులు మాత్రం ఇప్పటికీ గుమ్మం బయటే. కాపలావాడు ఆర్లీన్ చేతిసంచిలోంచి ఆపిల్ కోసుకునే చాకు తీసి డబ్బాలో వేసి, పిస్టల్ పెట్టెతో ఆమెను సాదరంగా లోపలికి పంపాడు.

పరీక్షాధికారి పేరు వెండల్ కింబ్రో. మంచి మనిషి, మెత్తని గొంతు, సేజ్‌పొదల పుప్పొడి పడక కళ్లలో ఎప్పుడూ నీళ్లు. ఆయన జీవితంలో తుపాకీ పేల్చలేదు. ఉద్యోగానికి అదే ప్రధాన అర్హత. పేల్చినవాడికి పక్షపాతం ఉంటుందని నియమావళి చెబుతోంది. (ఇదే సూత్రం మీద హోటళ్లను తనిఖీ చేసేవాళ్లు తిండి తినకూడదన్న ప్రతిపాదన ఇంకా చర్చలో ఉంది.)

మొదటి లక్షణం దగ్గర ఆర్లీన్‌కు అదృష్టం కలిసివచ్చింది. మ్యాగజైన్ పిడి బయట ఉన్నమాట నిజమే గానీ, క్రీడల కోసం తయారైన కొన్ని పిస్టళ్లకు అనుబంధంలో మినహాయింపు ఉంది. ఆమె పిస్టల్ పేరు అందులో దొరికింది. కింబ్రో ఆమె కంటే ఎక్కువ సంతోషించాడు. అయితే ఆ మినహాయింపు మొదటి లక్షణానికే, తక్కిన మూడింటికీ కాదని కళ్లు తుడుచుకుంటూ చెప్పాడు.

మూడో లక్షణానికి స్పర్శపరీక్ష ఉంటుంది. దీనికి కింబ్రో ఎడమ అరచేయికి రాష్ట్రం ఏటేటా ప్రమాణపత్రం ఇస్తుంది. ఆర్లీన్ చేత వెనక గదిలో ఇసుక గుట్టలోకి కొన్ని తూటాలు పేల్పించి, ఆయన అరచేయి తెచ్చి గొట్టం తొడుగు మీద ఆనించాడు. కాలలేదు. తొడుగు ఉన్నందువల్లే చేయి కాలలేదని రాసుకున్నాడు. ఆమెకు తోడు వచ్చిన డెల్బర్ట్ తొడుగు ఊడదీసి మళ్లీ పేల్పించాడు. కింబ్రో ఈసారి ఉత్త గొట్టం మీదే చేయి పెట్టాడు. అంత చిన్న తూటాలకు గొట్టం ఏం వేడెక్కుతుంది? అప్పుడూ కాలలేదు. కింబ్రో చాలాసేపు ఆలోచించి, చేయి కాలకుండా పట్టుకోనిచ్చేది తొడుగు గనుక, ఈ గొట్టం కాలడం లేదు గనుక, గొట్టమే తొడుగు అని నిర్ధారించాడు.

"మరి గొట్టమేది?" అన్నాడు డెల్బర్ట్.

"అది లోపల ఉండాలి సార్," అన్నాడు కింబ్రో.

డెల్బర్ట్ మొహం కందగడ్డయింది. ఇంటికి వచ్చే దారంతా శాసనసభను పేరుపేరునా తిట్టాడు. ఆర్లీన్ మాత్రం ఆలోచిస్తూ కూర్చుంది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నవాడితో వాదన పెట్టుకుని లాభం లేదు, రోకలి ఎక్కడుందో చూపించడమే మేలని ఆమెకు తోచింది. ఆగస్టులో మళ్లీ ఒక తేదీ తీసుకుని, ఎండ నడినెత్తిన ఉండగా వెళ్లి, తొడుగు తీసిన పిస్టల్‌ను పికప్ ట్రక్కు బానెట్ మీద పెట్టి డోనట్ తిని కాఫీ తాగింది. తరువాత లోపలికి తీసుకుపోయింది. కింబ్రో అరచేయి ఆనించి, పెదవి కొరుక్కుని, "కాలింది" అని ఎంతో తృప్తిగా రాసుకున్నాడు. చేతికి వెన్న రాసుకోమని ఆర్లీన్ చెబితే, ఆయన కృతజ్ఞతలు చెప్పాడు గానీ విధి నిర్వహణలో ఉన్న చేతికి వెన్న రాయడానికి పై అనుమతి కావాలన్నాడు.

మూడో లక్షణం పోయింది. పోతూ పోతూ రెండోదాన్ని చూపించిపోయింది. ఇంతకాలం ఆ తొడుగును బిగించి ఉంచింది గొట్టం కొసనున్న మరలు. తొడుగు తీయగానే మరలు బయటపడ్డాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నమాట. డెల్బర్ట్ దుకాణానికి తీసుకుపోయి, మరలు కనిపించకుండా, ఇక ఊడిరాకుండా ఉక్కు మూత ఒకటి అతికాడు. మూత తెల్లగా మెరిసింది. మా రాష్ట్రంలో రంగు మారిన పిస్టల్ కొత్త పిస్టల్ కిందే లెక్క. నల్లది ప్రమాదం కాదని రుజువైనంత మాత్రాన తెల్లది కాదని ఎలా చెప్పగలం? కొత్త నమూనా కింద మొదటినుంచి దరఖాస్తు పెట్టుకోవాలని కింబ్రో అనేలోపే ఆర్లీన్ బయటికి వెళ్లింది. పార్కింగ్‌లో నిలబడి, చర్చిలో బింగో ఆటకు వాడే నల్ల మార్కరుతో మూతకు రంగు పూసి, నోటితో ఊది ఆరబెట్టి తెచ్చింది.

కింబ్రో రంగుల పలకతో పోల్చి చూశాడు. "నలుపే," అన్నాడు.

మిగిలింది నాలుగోది. పోటీలకు ఇంకా వారమే ఉంది.

ఆఖరి హాజరు నాడు డెల్బర్ట్‌ను ఆర్లీన్ ఇంట్లోనే ఉండమంది. అతని నోరు ఊరుకోదు. క్యూలో ఆమె వెనక కోల్బీ రాండ్ నిలబడ్డాడు. సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే కోల్బీ, చిన్నప్పుడు ఆమె బస్సులో చివరి సీటు. ఒక చేతిలో సగం తిన్న బురిటో రొట్టెచుట్ట, ఇంకో చేతిలో కాగితం సంచి. కజిన్ దగ్గర కొన్న పిస్టల్‌ను తన పేరు మీదికి మార్పించుకోవడానికి వచ్చాడట. ఇంకా ఒక్కసారి కూడా పేల్చలేదట. యాప్‌లో పాఠం ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు పూర్తి చేసేశాడట. "మీ క్లాసులో అయితే మిస్ ఆర్లీన్, నన్ను రెండుసార్లు బయట నిలబెట్టారు. యాప్ చాలా మర్యాదగా ఉంది," అన్నాడు. అతనిలో కల్మషమేమీ లేదు. ఆమెకు సగం బురిటో ఇవ్వబోయాడు కూడా.

ఆమె పేరు పిలిచారు. నాలుగో లక్షణం పరీక్ష బల్ల ముందరే జరుగుతుంది. ట్రిగ్గర్‌కు ముందున్న ఆ మ్యాగజైన్ గూడు, మొదటి లక్షణంగా మినహాయింపు పొందినప్పటికీ, దాన్ని రెండో చేత్తో పట్టుకుంటే మాత్రం నాలుగో లక్షణమవుతుందని కింబ్రో వివరించాడు. అంచేత ఆమె ఎలా పట్టుకుంటుందో ఆయన స్వయంగా చూడాలి. ఆర్లీన్ ఖాళీ పిస్టల్ తీసుకుని, పక్కకు తిరిగి, కుడిచేయి చాచి, ఎడమచేయి జేబులో పెట్టుకుంది. వంకర వేళ్లు పిడిలో దేని చోట్లో అది కూర్చుంది. ఆమె ఊపిరి ఆగింది. బల్ల వెనక గుమస్తాలు కూడా ఒక నిమిషం టైపు చేయడం మానేశారు. ఏమీ తెలియనివాడికి కూడా ఆ నిలబడటంలో ఏదో అందముందని తెలుస్తుంది.

కింబ్రో కలం ఆగింది. "మేడమ్, ఆ ఎడమ చేయి జేబులో ఏం చేస్తోంది?"

"ఏమీ చెయ్యడం లేదు. అందుకే అక్కడుంది."

ఆయన నియమావళి తిరగేశాడు. జేబులో చేతి గురించి ఏమీ లేదు. కనిపించని చేయి పట్టుకున్నట్టా, పట్టుకోనట్టా? ఫోను చేసి పైవాళ్లను అడిగాడు, పైవాళ్లు వాళ్ల పైవాళ్లను అడిగారు. చేయి కనిపించేలా పెట్టి చూపిస్తే అభ్యంతరం లేదని జవాబు వచ్చింది. ఆర్లీన్ చేయి బయటికి తీసి నడుము మీద పెట్టుకుంది. ముప్పై ఏళ్ల అలవాటు తప్పి చేయి అక్కడ ఇబ్బందిపడింది, అయినా పిస్టల్ కదలలేదు.

కింబ్రో మొహం విప్పారింది. ఆయనకు నిజంగానే ఆమె గెలవాలని ఉంది. ముద్ర తీసి, ఇంకు దిండు మీద అద్ది, "అంతే మేడమ్, అయిపోయింది. ముద్ర వెయ్యడానికి ఒకసారి ఇలా ఇవ్వండి," అన్నాడు.

ఆ మాటకు ఆర్లీన్ గుండె తేలికపడింది. తేలికపడ్డ గుండెతో మనిషి ఆలోచించి చేయడు, అలవాటు చొప్పున చేస్తాడు. మ్యాగజైన్ తీసి బల్ల మీద పెట్టింది. పిస్టల్‌ను వెనక్కి లాగి తెరిచి, లోపల ఖాళీ అని ఆయనకు చూపించింది. గుండు లేదని దూరం నుంచే తెలిసేలా పచ్చని ప్లాస్టిక్ పుల్ల ఆ ఖాళీలో గుచ్చింది. గొట్టం గోడవైపు తిప్పింది. పిడి ఆయన వైపు రావాలంటే తన కుడిచేయి వదలాలి గనుక, ఎడమచేత్తో ముందువైపు, ఆ మ్యాగజైన్ గూడు దగ్గర పట్టుకుని, తాను ఇన్నేళ్లూ ఊరందరికీ నేర్పినట్టే, అందించింది.

కింబ్రో ముద్ర గాలిలో ఆగిపోయింది.

"మేడమ్. అలాగే ఉండండి."

"ఏమైంది?"

"మీ ఎడమ చేయి."

ఆర్లీన్ కిందికి చూసుకుంది. ఇవ్వడానికి పట్టుకున్నాను, పేల్చడానికి కాదని చెప్పింది. తుపాకీని ఎవరికిచ్చినా ఇలాగే ఇవ్వాలని, లేకపోతే కింద పడుతుందని చెప్పింది.

"కింద పడటం లక్షణం కాదు మేడమ్," అన్నాడు కింబ్రో. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. పుప్పొడి వల్ల మాత్రమే కాదనుకుంటాను. "రెండో చేత్తో పట్టుకోవడానికి చోటుంది. పట్టుకున్నారు. నేను చూశాను. నేను చూడకపోయినా బాగుండేది. కెమెరా ఉంది."

"గుండు లేదు. తెరిచి ఉంది. పుల్ల పెట్టాను."

"చాలా పద్ధతిగా పెట్టారు. అది కూడా రాస్తాను." రాశాడు. తరువాత కొంచెం ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "మీకు చెప్పకూడదు గానీ మేడమ్, మీరు దాన్ని నా బల్ల మీద విసిరేసి ఉంటే పాసయ్యేది."

ఆర్లీన్‌కు ఏడుపొచ్చింది. భర్త పోయినప్పుడు నలుగురి ముందు ఏడవని మనిషి, ఒక కౌంటర్ ముందు, వెనకెవరో బురిటో తింటుండగా, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. కోపం కూడా వచ్చింది, కానీ ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. ఎదుట ఉన్నవాడు తనకంటే ఎక్కువ తుడుచుకుంటున్నాడు. అప్పీలు సంగతి అడిగింది. అప్పీలుకు నిరభ్యంతరంగా వెళ్లవచ్చని, విచారణ రోజున సదరు పిస్టల్‌ను హాజరుపరచాలని, పిస్టల్‌ను మాత్రం అంతకు ముందే కరిగిస్తారని కింబ్రో చెప్పాడు. కర్ర పిడి కరగదు గనుక దాన్ని వేరే విభాగానికి పంపుతారట. ఆ విభాగం ఇంకా ఏర్పడలేదట.

ఆయన పిస్టల్‌ను బూడిదరంగు డబ్బాలోకి దించాడు. పిల్లవాణ్ని ఊయలలో దించినంత నెమ్మదిగా దించాడు. డబ్బా మూత పడింది. ఆర్లీన్ బల్ల మీదున్న తన చేతిసంచి తీసుకుంది గానీ అక్కడినుంచి కదలలేకపోయింది. ఇంకా పిడి పట్టుకున్నట్టే ఉన్న కుడిచేతిని ఏం చేయాలో తెలియక కోటు గుండీ పట్టుకుంది.

"తరువాత," అన్నాడు కింబ్రో.

కోల్బీ రాండ్ మొత్తం విన్నాడు. వెధవకు బుర్ర లేదని స్కూల్లో అందరూ అనేవాళ్లు గానీ, రాజ్యం చెప్పిన పాఠం ఒక్కసారి వింటే చాలు వంటబట్టింది. అందించే ప్రయత్నమేదీ చేయలేదు. కాగితం సంచిలోంచి నల్లటి, బరువైన పిస్టల్ తీసి అంత దూరం నుంచే బల్ల మీదికి విసిరాడు. అది గిర్రున తిరుగుతూ జారింది. గొట్టం ఒక్కొక్క గుమస్తానే చూసుకుంటూ, కాపలావాణ్నీ ఆర్లీన్‌నీ కూడా పలకరించి, కింబ్రో బొడ్డుకు ఎదురుగా ఆగింది.

ఆ గదిలో వంగింది ఆర్లీన్ ఒక్కతే. మోకాళ్ల నొప్పులున్న మనిషి, కుర్చీ వెనక్కి ఎలా దిగిందో ఆమెకే తెలియదు. గుమస్తాలు టైపు చేస్తూనే ఉన్నారు.

కింబ్రో పిస్టల్ చుట్టూ తిరిగి చూశాడు. గొట్టం కొసన మరలు లేవు. తొడుగు లేదు. ముందువైపు పట్టుకునే చోటు లేదు. రంగు నలుపు. ఎవరూ దేన్నీ రెండో చేత్తో పట్టుకోలేదు.

"మిస్టర్ కింబ్రో," అంది ఆర్లీన్ కుర్చీ వెనక నుంచి. "దాంట్లో గుండుందేమో చూడండి."

కింబ్రో జాబితా అందుకున్నాడు. పైనుంచి కిందికి చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు. అనుబంధం తీసి అందులో కూడా వెతికాడు. ఆ మాట ఎక్కడా లేనందుకు ఆయన నిజంగా నొచ్చుకున్నాడు.

"ఉంది మిస్ ఆర్లీన్," అన్నాడు కోల్బీ, సాయం చేద్దామని. "కజిన్ నిండా పెట్టే ఇచ్చాడు. ఎలా తియ్యాలో నాకు తెలీదు."

కింబ్రో కలం ఎత్తాడు. "అంటే మ్యాగజైన్ పిడి లోపలే ఉంది కదా?"

"లోపలే సార్."

ఆయన ముద్ర వేశాడు.